ప్రాథమిక వైద్యంలో ఔషధవేత్త స్థానం: దివిసీమ దృష్టితో కొన్ని మాటలు

మన తెలుగులో "మందు" అనే మాటకు ఉన్నన్ని అర్థాలు మరి ఏ మాటకైనా ఉన్నాయా అన్నది సందేహమే. జ్వరానికి మింగేదీ మందే, చేనుకు చల్లేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, సాయంకాలం సీసాలో దొరికేదీ మందే. ఎవరైనా మనసు మారి ఇల్లు పట్టకుండా తిరిగితే "మందు పెట్టారు" అని అమ్మలక్కలు చెప్పుకోవడమూ కలదు. భాషాబోధకులుగా మాకు ఈ నానార్థాలు వినోదం కలిగిస్తాయి. కృష్ణ సముద్రంలో కలిసే ఈ దిగువ డెల్టాలో నివసించేవారిగా మాత్రం ఇవే మమ్మల్ని ఆలోచింపజేస్తున్నవి. ప్రాణం నిలిపేదానికీ, తీసేదానికీ పేరు ఒక్కటే అయినప్పుడు ఆ రెంటినీ వేరుచేసేవి మోతాదు, వేళ, వాడే విధం. ఈ మూడింటినీ రోగికి విడమరచి చెప్పేవారు మన ఊళ్ళలో ఎవరు?

వైద్యుడే అని చాలామంది అనుకుంటారు. కాని వైద్యునికి తీరిక ఏది? 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలనను బట్టి మన దేశంలో ప్రాథమిక స్థాయిలో వైద్యుడు ఒక రోగికి కేటాయించగలుగుతున్న కాలం 2 నిమిషాల పైచిలుకు మాత్రమే. స్వీడన్‌లో అది 22 నిమిషాలు. ఈ రెండు నిమిషాలలోనే నాడి చూడాలి, బాధ వినాలి, చీటీ వ్రాయాలి. ఇక మందు ఎట్లా వాడాలో చెప్పడం కిటికీ దగ్గరి మనిషి పాలిట పడుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ కిటికీ వెనుక ఉండేది సాధారణంగా ఒకే ఒక ఫార్మసిస్టు. మైదాన ప్రాంతంలో ఒక కేంద్రం సుమారు 30,000 మంది జనాభాకు అని లెక్క. మందుల నిల్వ చూడడం, ఇండెంటు పెట్టడం, కంప్యూటరులో ఎక్కించడం, గడువు తీరినవి ఏరివేయడం, వరుసలో నిలబడినవారికి మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం అన్నీ ఆయన పనులే. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అనడానికి మించి ఆయన నోట మరో మాట రాకపోతే ఆ దోషం ఆయనది కాదు.

క్లినికల్ ఫార్మసిస్టు అనే మాట మన పాఠకులలో కొందరికి కొత్తగా తోచవచ్చు. మందులు తయారుచేసేవాడు కాదు, అమ్మేవాడూ కాదు. చీటీని రోగి పక్కన పెట్టి చదివేవాడు. ఈ మనిషి వయస్సు ఎంత, మూత్రపిండాలు ఎట్లా పనిచేస్తున్నవి, ఇంతకుముందే ఏ మాత్రలు వాడుతున్నాడు, వాటికీ వీటికీ పొసగుతుందా, ఏది మానవచ్చు, ఏది మానకూడదు అని పరిశీలించి, అనుమానం కలిగితే వైద్యునితో మాట్లాడి, అటుపైన రోగికి అర్థమయ్యే భాషలో చెప్పేవాడు. మందు ఇవ్వడంతో పని తీరిపోదనీ, ఆ మందు వలన రోగికి కలిగే ఫలితానికి కూడా ఔషధవేత్త బాధ్యత వహించాలనీ అమెరికాలో హెప్లర్, స్ట్రాండ్ అనే ఇద్దరు ఆచార్యులు 1990లో ప్రతిపాదించారు. మన దేశంలో దీనికోసం ఫార్మ్-డి అనే ఆరేండ్ల కోర్సు 2008లో ప్రవేశపెట్టారు. ఐదేండ్లు చదువు, ఒక ఏడు ఆసుపత్రిలో శిక్షణ.

మందు నిర్ణయించేవాడు వేరు, మందు కూర్చి ఇచ్చేవాడు వేరు అన్న భావన పడమటి దేశాల నుండి దిగుమతి అయినదని కొందరు తలుస్తారు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దుల బాగ్దాదులోనే ఔషధశాలలు వైద్యశాలలకు వేరుగా వెలసినవి. పదకొండవ శతాబ్దిలో అల్ బిరూనీ ఔషధశాస్త్రంపై "కితాబుస్సైదనా" అనే గ్రంథం రచించి, ఒక్కొక్క మూలికకు అరబ్బీ, గ్రీకు, సిరియాక్, పారసీక, భారతీయ భాషలలో ఉన్న పేర్లను సేకరించి చూపాడు. పేరు తెలియనిదే మందు ప్రమాదమన్న సంగతి ఆయనకు ఆనాడే తెలుసు. మన ఆయుర్వేదంలో అనుపానం, పథ్యం అని రెండు మాటలున్నవి. ఏ మందును దేనితో పుచ్చుకోవాలి, పుచ్చుకుంటున్నన్నాళ్ళు ఏది తినకూడదు అన్నది మందులో భాగమే అని ఆ శాస్త్రం భావించింది. ఇంగ్లీషు మందు వచ్చిన తరువాత మన ఊళ్ళలో మాత్ర మిగిలింది, అనుపానం పోయింది. పథ్యమంటే వంకాయ, గోంగూర మానడమే అన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

ఉదాహరణలు చెప్పకుండా ఈ వాదం నిలవదు. మొదట ఇన్సులిన్ సంగతి తీసుకుందాము. మన దేశంలో సీసాలలో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది. దానికి తగిన సిరంజికి ఎర్ర మూత. పెన్నులో వాడే ఇన్సులిన్ 100 యూనిట్ల బలం గలది. ఆ బలానికి తగిన సిరంజికి నారింజరంగు మూత. నలభై బలం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత వరకు లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. వంద బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత వరకు లాగితే పోయేది 50 యూనిట్లు. మొదటి పొరపాటుతో చక్కెర దిగదు. రెండవ పొరపాటుతో మనిషి తెల్లవారకముందే స్పృహ తప్పవచ్చు. ఈ తేడా చెప్పడానికి పట్టే కాలం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు ఎవరి ఉద్యోగంలోనూ లేవు. ఇక నాగాయలంక అవతల ఎదురుమొండి దీవుల వంటి చోట్ల, ఫ్రిజ్ లేని ఇంట్లో, ఇన్సులిన్ ఎక్కడ దాచుకోవాలి? తెరవని సీసా 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. తెరచినది ఎండ తగలకుండా చల్లని తావున ఉంచితే సుమారు నాలుగు వారాలు పనికివస్తుంది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ ఇందుకు ఎంతో ఉపకరిస్తుంది. ఈ కుండ సంగతి ఏ డబ్బా మీదా అచ్చు వేసి ఉండదు. తెలిసిన మనిషి ఎదుట కూర్చుని చెప్పాలి.

నడుము నొప్పులకు వాడే మాత్రల సంగతి ఇంతకన్న తీవ్రమైనది. నాట్ల కాలంలో, కోతల కాలంలో ఒళ్ళు వంచి పనిచేసే కూలిజనం డైక్లోఫెనాక్ వంటి మాత్రలను తాంబూలం వలె వాడుతున్నారు. అదే మనిషికి రక్తపోటు ఉండి, ఎనలాప్రిల్ లేక టెల్మిసార్టాన్ వాడుతూ, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా తీసుకుంటుంటే, ఈ మూడూ కలిసి మూత్రపిండాల మీద పడతాయి. ఎండలో చెమటోడ్చి, నీరు చాలక పనిచేసేవారికి ఇది మరీ ముప్పు. రక్తపోటు మందు వ్రాసిన వైద్యునికి నొప్పి మాత్ర సంగతి తెలియదు. నొప్పి మాత్ర ఇచ్చిన కొట్టువానికి రక్తపోటు సంగతి తెలియదు. రెండూ తెలిసినది రోగి ఒక్కడికే, కాని అవి ఒకదానికొకటి పడవని అతనికి చెప్పినవారు లేరు. కాగితపు పొట్లంలో పేరు లేని నాలుగు రంగుల మాత్రలు కలిపి ఇచ్చే అలవాటు కూడ మన పల్లెలలో ఉన్నది. వాటిలో ఒకటి స్టెరాయిడు అయితే నొప్పి ఆశ్చర్యకరంగా తగ్గుతుంది, హస్తవాసి మంచిదన్న పేరు వస్తుంది. నెలల తరబడి వాడిన తరువాత ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు పెళుసుబారడం మొదలైనప్పుడు ఆ హస్తవాసిని తప్పుపట్టేవారు ఉండరు.

యాంటీబయాటిక్కుల గురించి మన ప్రాంతానికే చెల్లిన ఒక వింత ఉన్నది. బందరు చుట్టుప్రక్కల, దివిసీమలో, గుడివాడ దిగువన వరిచేలు రొయ్యల చెరువులుగా, చేపల చెరువులుగా మారినవి. ఎగుమతికి పోయే రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి మందుల జాడ ఉన్నదా అని పరీక్షిస్తారు. ఉన్నదని తేలితే ఐరోపా దేశాలు సరుకు నిరాకరిస్తాయి. రొయ్య ఎన్ని మందులు మింగిందో లెక్క తీసేవారున్నారు. చెరువుగట్టున కాపలా ఉండే మనిషి సంవత్సరానికి ఎన్ని మందులు మింగాడో లెక్క తీసేవారు లేరు. చట్టం లేక కాదు. 2014 మార్చి 1 నుండి అమలుకు వచ్చిన హెచ్-1 షెడ్యూలు ప్రకారం 46 మందులను చీటీ లేనిదే ఇవ్వరాదు. ఇచ్చినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరచాలి. క్షయ మందులు కూడ ఆ జాబితాలోనివే. 2018 నుండి క్షయ మందులు ఇచ్చిన ఔషధశాల ఆ సమాచారాన్ని ప్రభుత్వానికి తెలియజేయడం విధి. ఇవి మంచి నియమాలే. కాని రిజిస్టరు వ్రాసేవాడు, వ్రాస్తున్నదేమిటో ఎరిగినవాడు అయినప్పుడే అవి ప్రాణం పోసుకుంటాయి.

"రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే" అన్న మన సామెత కూడ అన్ని వేళలా చెల్లదు. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు పాలతో వేసుకుంటే పాలలోని కాల్షియం వాటిని పట్టివేస్తుంది, మందు ఒంటికి పట్టదు. ఇనుము మాత్రకు టీ శత్రువు. ఇంటింటా ఉదయం మాత్ర టీతోనే గొంతు దిగుతున్నదని వేరే చెప్పనక్కరలేదు.

దివిసీమ అనగానే తుపానుతోపాటు పాము కూడ జ్ఞప్తికి వస్తుంది. వర్షాలు పడి, చేలు నీట నిండినప్పుడు అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి పాముకాటు రోగులు రావడం ఏటేటా జరిగేదే. 2018 ఆగస్టులో ఆ సంఖ్య పెరగగా మోపిదేవి ఆలయంలో సర్పశాంతి యాగం కూడ జరిపించారు. దానిపై వ్యాఖ్యానించడం మా ఉద్దేశం కాదు. భయం కలిగినప్పుడు జనం దేవుణ్ణి ఆశ్రయిస్తారు. కాని పాము విషానికి విరుగుడు మందు ఒకటి ఉన్నది, అది చాలినంతగా, చెడిపోకుండా, చేరువలో ఉండాలి. ద్రవరూపంలోని విరుగుడును 2 నుండి 8 డిగ్రీలలో దాచాలి. పొడి రూపంలోనిది అంత చల్లదనం కోరదు గనుక కరెంటు నిలకడలేని చోట అదే అనుకూలం. మొదటి విడతకే సుమారు 10 సీసాలు అవసరం కావచ్చు. పిల్లవాడైనా పెద్దవాడైనా మోతాదు ఒక్కటే, ఎందుకంటే కరిచిన పాము పిల్లవాడని విషం తగ్గించి వదలదు. విరుగుడే ఒక్కొక్కరికి వికటించవచ్చు కనుక అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఏ మండలంలో ఏ నెలలో ఎన్ని కాట్లు నమోదైనవో చూసి, తొలకరికి ముందే ఏ కేంద్రంలో ఎన్ని సీసాలు ఉండాలో లెక్క కట్టడం, గడువు దగ్గరపడిన వాటిని అవసరమున్న చోటికి తరలించడం, రాత్రి విధుల్లోని నర్సుకు మందు కలిపే విధం నేర్పడం ఎవరి పని? శిక్షణ పొందిన క్లినికల్ ఫార్మసిస్టుకు ఇంతకన్న తగిన పని మరొకటి మాకు తోచడం లేదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించారు. విచిత్రమేమంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల తొలి జాబితాను వెలువరించినది కూడ ఆ సంవత్సరమే. మరుసటి ఏడు, 1978లో, ఆల్మా ఆటా ప్రకటన ప్రాథమిక వైద్యాన్ని ప్రజల హక్కుగా చాటింది. పేదవానికి ఏ మందులు తప్పక అందాలో ఆ జాబితా తేల్చింది. అందిన మందును అతనికి అర్థమయ్యేటట్లు ఎవరు చెప్పాలో తేల్చే పని నేటికీ మిగిలే ఉన్నది.

మన కళాశాల విద్యార్థుల ఇండ్లకు నేరుగా సంబంధించిన విషయం ఒకటున్నది. రంజాను మాసంలో మధుమేహ రోగులు ఎందరో రోజా పాటిస్తారు. వ్యాధిగ్రస్తులకు ధర్మమే మినహాయింపు ఇచ్చినా, మన పెద్దలు దానిని వాడుకోవడానికి ఇష్టపడరు. పగలు మాత్ర వేసుకోరు సరే, రాత్రి మూడు పూటల మాత్రలనూ ఒక్కసారి మింగేవారున్నారు. మెట్‌ఫార్మిన్ వంటిదానికి వేళ సర్దుకుంటే సాధారణంగా సరిపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర సహరీలో పూర్తి మోతాదులో వేసుకుంటే మధ్యాహ్నానికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చక్కెర 70కి దిగువకు వస్తే రోజా విరమించాలని వైద్యశాస్త్రం చెబుతున్నది. వేలి నుండి చుక్క రక్తం తీసి పరీక్షించుకున్నంత మాత్రాన రోజా భంగం కాదని ధర్మవేత్తలు చెబుతున్నారు. షాబాను నెలలోనే రోగి చీటీని ముందు పెట్టుకుని, వైద్యునితో సంప్రదించి, సహరీకి ఏది, ఇఫ్తారుకు ఏది అని పట్టిక వ్రాసి ఇచ్చేవారుంటే ఎన్ని ఇండ్లలో నిశ్చింత కలుగుతుందో ఊహించండి.

ఆ పట్టిక ఏ భాషలో వ్రాయాలి అన్నది మా శాఖకు సంబంధించిన ప్రశ్న. మందు అట్టపెట్టె మీది ముఖ్యమైన సంగతులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చీటీ మీద 1-0-1 అని ఉంటుంది. "పరగడుపున" అంటే మన తాతల కాలపువారికి స్పష్టంగా తెలుసు; నేటి బాలురలో కొందరు దానిని "టిఫిను మానేసి" అని గ్రహిస్తున్నారు. బందరు పాత పేటలలో ఉర్దూ మాట్లాడటమే గాని చదవడం రాని అవ్వలున్నారు. వారికి "ఖాలీ పేట్" అని నోటితో చెప్పాలి, సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ వేసి చూపాలి. ఔషధశాస్త్రం చదివినవాడు ఈ భాషలో మాట్లాడలేకపోతే అతని ఆరేండ్ల చదువు కిటికీ ఆవలనే ఆగిపోతుంది. ఫార్మసీ కళాశాలల్లో తెలుగుకు చోటు లేకపోవడం గురించి మేము మాట్లాడితే స్వార్థం అంటారేమో! అన్నా సరే, అది లోపమే.

ఇక అభ్యంతరాలు. డాక్టర్లే చాలని చోట క్లినికల్ ఫార్మసిస్టు ఎందుకని ఒక ప్రశ్న. డాక్టర్లు చాలకనే కావాలని మా సమాధానం. ఇంగ్లండులో కుటుంబవైద్యుల కొరత తీవ్రమైనప్పుడే 2015లో వారి కార్యాలయాలలో క్లినికల్ ఫార్మసిస్టులను ప్రయోగాత్మకంగా నియమించి, 2019 నుండి ఆ ఏర్పాటును విస్తరించారు. అమెరికాలో ఆషెవిల్ పట్టణంలో 1996లో పురపాలక ఉద్యోగులలోని మధుమేహ రోగులను క్రమంగా కలుసుకునే బాధ్యత ఔషధశాలల ఫార్మసిస్టులకు అప్పగించగా చక్కెర అదుపులోకి వచ్చింది, మొత్తం వైద్యవ్యయం కూడ తగ్గింది. వారి ధనబలం మనకు లేదు, నిజమే. ప్రతి ఆరోగ్య కేంద్రానికీ ఒకరిని వేయమని మేము కోరడం లేదు. అవనిగడ్డ, చల్లపల్లి, గుడివాడ వంటి చోట్ల ఒక్కొక్కరిని నియమించి, వారానికొక రోజు చుట్టూ ఉన్న కేంద్రాలకు పంపినా చాలు.

వైద్యుల అధికారానికి భంగం కలుగుతుందన్నది రెండవ మాట. ఇందులో కొంత సబబు లేకపోలేదు. ఫార్మ్-డి చదివిన కొందరు యువకులు పేరుకు ముందు డాక్టరు అని తగిలించుకుని, వ్యాధి నిర్ణయం కూడ చేయబూనడం మాకు సమ్మతం కాదు. వారి గౌరవం వైద్యునికి పోటీగా కూర్చోవడంలో లేదు. వైద్యుడు చూడలేకపోయినది చూపడంలో ఉన్నది. కిటికీ దగ్గర దశాబ్దాలుగా పనిచేస్తున్న డిప్లొమా ఫార్మసిస్టులను పక్కకు నెట్టడం కూడ అన్యాయమే. ఊరి జనాన్ని పేరుపేరునా ఎరిగినది వారు. కొత్తవారు మొదట వారి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

మాకు అన్నిటికంటె బాధ కలిగించేది వేరే ఉన్నది. చీటీపై మందు కట్టి ఇచ్చే అధికారం రిజిస్టరైన ఫార్మసిస్టుకే ఉన్నదని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షను నిర్దేశిస్తున్నది. రోగికి సలహా ఇవ్వడం ఫార్మసిస్టు విధి అని 2015 నాటి నిబంధనలు చెబుతున్నవి. అయినా ఎన్నో మందుల కొట్లలో గోడ మీద చట్రంలో సర్టిఫికెట్టు ఉంటుంది, ఆ పేరుగల మనిషి ఉండడు. అతడు హైదరాబాదులో మరొక ఉద్యోగం చేసుకుంటూ నెలనెలా సర్టిఫికెట్టుకు అద్దె పుచ్చుకుంటుంటాడు. కొట్టులో ఉన్న కుర్రవానికి మందుల పేర్లు అలవాటే గాని గుణాలు తెలియవు. ఇంటర్మీడియట్ బై.పి.సి. ముగించి ఫార్మసీలో చేరబోయే మన విద్యార్థులు ఈ మాట ప్రత్యేకంగా ఆలకించాలి. నాలుగేండ్లు తల్లిదండ్రులు కష్టించి చదివించిన చదువును నెలకు కొన్ని వేలకు గోడకు వ్రేలాడదీయడం పెద్ద నేరంగా తోచకపోవచ్చు. ఆ గోడ క్రింద నిలబడి తప్పు సిరంజి కొనుక్కుపోయేవాడు మన పక్కింటివాడే. ఉద్యోగాలు లేకనే ఇట్లా చేస్తున్నారన్న మాట కూడ కాదనలేము. ఫార్మ్-డి చదివి మెడికల్ కోడింగులో కుదురుకున్నవారిని నిందించే ముందు, ప్రభుత్వం వారికి ప్రాథమిక వైద్యంలో చోటు చూపిందా అని అడగాలి.

చోటు చూపడానికి ఇప్పుడు అవకాశం ఉన్నది. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఫార్మ్-డి శిక్షణ సంవత్సరమంతా ప్రస్తుతం పెద్ద ఆసుపత్రులలోనే గడుస్తున్నది: ఆరు నెలలు సాధారణ వైద్యం, రెండేసి నెలల చొప్పున మూడు ఇతర విభాగాలు. అందులో రెండు నెలలైనా కోడూరు, నాగాయలంక వంటి చోట్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు కేటాయిస్తే ప్రభుత్వానికి పెద్ద ఖర్చు లేదు, విద్యార్థికి పల్లె తెలుస్తుంది. మందు వికటించినప్పుడు నివేదించడానికి 2010 నుండి జాతీయ కార్యక్రమం ఒకటి నడుస్తున్నది, 1800-180-3024 అనే ఉచిత ఫోను సంఖ్య కూడ ఉన్నది. రోగి కూడ తానే నివేదించవచ్చునన్న సంగతి ఎందరికి తెలుసు?

మన కళాశాల చేయగలిగినది కూడ లేకపోలేదు. రాబోయే ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో రోడ్లు ఊడ్చే కార్యక్రమాన్ని ఒక రోజు తగ్గించి, ఇంటింటికీ వెళ్ళి ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి తెమ్మని అడగవచ్చు. గడువు తీరినవి ఎన్ని, ఒకే మందు రెండు పేర్లతో ఎన్ని, పేరు లేని పొట్లాలు ఎన్ని అన్నది వ్రాసుకుంటే చాలు. సలహా ఇచ్చే పని శిక్షణ ఉన్న ఫార్మసిస్టుకు వదలాలి, అటువంటివారిని ఒకరిద్దరిని వెంట తీసుకుపోవాలి. దానితోపాటు పొద్దు, మధ్యాహ్నం, రాత్రి బొమ్మలతో, తెలుగు ఉర్దూ భాషలలో మందు పొట్లాల మీద అంటించే చీటీలు అచ్చు వేయించాలని మా ప్రతిపాదన. తెలుగు పాఠం మేము వ్రాసి ఇస్తాము. ఉర్దూ పాఠం ఉర్దూ శాఖవారు వ్రాస్తామన్నారు. అచ్చుకూలి, కాగితం ఖర్చు మాత్రం కమిటీ పెద్దలు మంజూరు చేయవలసి ఉన్నది.